వాకింగ్ బేస్: విని రాయగలుగుతున్నాను, చూసి వాయించలేకపోతున్నాను

బెంగళూరులో ఉంటూ మూడేళ్లుగా బేస్ గిటార్ సాధన చేస్తున్న నేను, 1950లలో జాజ్ బేస్ కళాకారుడు పాల్ చేంబర్స్ వాయించిన వాకింగ్ బేస్ వరుసలను (దాదాపు ప్రతి బీట్‌కూ ఒక స్వరంతో నడిచేవి) విని స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతలపై స్వరాలు రాసే పద్ధతిలో, రాసుకుంటున్నాను. 12 బార్ల (నాలుగేసి బీట్ల ఆవర్తాల) బ్లూస్‌లో బార్ చివరి, నాలుగో బీట్‌పై పడే స్వరం తరచుగా తరువాతి కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) మూలస్వరానికి అర స్వరం పైనుంచో కిందనుంచో చేరుతుందని రాస్తున్నప్పుడే అర్థమైంది. ఆ అమరిక ఎంతో అందమైనది. చిన్ననాటి కర్ణాటక సంగీత శిక్షణ వల్ల చెవి సాయపడుతోంది.

అయితే, వారం తరువాత అదే పేజీని తెరిస్తే, బేస్ క్లెఫ్‌లోని (మంద్ర స్వరాలు రాసే స్టాఫ్‌లోని) గీతలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవలసి రావడంతో లయ ఆగిపోతోంది. లయను వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 బీట్ల వద్ద ఉంచి, తప్పులు దొర్లినా ఆగకుండా ప్రతిరోజూ కొత్త వరుసలు చదవడం మంచిదా, లేక రాసుకున్నవాటినే 12 శ్రుతులలోకి మార్చి వాయించడం మంచిదా? ఈ సాధన చేసినవారు దయచేసి తెలియజేయగలరు.