ఏడేళ్ల పిల్లాడికి ‘కుడి మెదడు’ డ్రాయింగ్ క్లాసు: చేర్పించాలా, వద్దా?

హరిత_మారతహళ్లి
మా వాడికి ఏడేళ్లు, రెండో తరగతి. మా అపార్ట్‌మెంట్ పక్కన కొత్తగా డ్రాయింగ్ క్లాసు పెట్టారు. ఎడమ మెదడు లెక్కలకీ భాషకీ, కుడి మెదడు బొమ్మలకీ అట. పదేళ్లలోపు కుడి మెదడుని యాక్టివేట్ చేయకపోతే ఇక బొమ్మలు రావట. మూడు నెలలకి 12 వేలు. మా వాడు ఇల్లు వేస్తే గోడ బయటనుంచే లోపలి మంచం, ఫ్రిజ్, పడుకున్న తాతయ్య అన్నీ కనిపిస్తాయి. అది చూసి క్లాసువాళ్లు ‘వెనకబడ్డాడు’ అన్నారు. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సుబ్బు_ఫిజియో
డబ్బు కట్టకండి. ఈ కుడి ఎడమల కథ రోజర్ స్పెర్రీ పరిశోధనల నుంచి వచ్చింది. మూర్ఛ తగ్గడం కోసం మెదడు రెండు సగాలనీ కలిపే నరాల కట్టని కోయించుకున్న రోగులని ఆయన పరీక్షించారు. దానికి 1981లో నోబెల్ వచ్చింది. కోసిన మెదడులో కనబడ్డ తేడాని తెచ్చి నిక్షేపంలాంటి పిల్లలకి అంటగడుతున్నారు. 2013లో యూటా యూనివర్సిటీవాళ్లు వెయ్యి మందికి పైగా స్కాన్లు చూశారు. కొందరు కుడి మెదడు మనుషులు, కొందరు ఎడమ మెదడు మనుషులు అనడానికి ఆధారం దొరకలేదు.

నేను స్ట్రోక్ రోగులతో పనిచేస్తాను. కుడివైపు దెబ్బతిన్న కొందరిని గడియారం గీయమంటే పన్నెండు అంకెలూ కుడి సగంలోనే కుక్కేస్తారు, ఎడమ సగం ఖాళీ. ఎడమవైపు దెబ్బతింటే ఆకారం మొత్తమ్మీద కుదురుతుంది కానీ వివరాలు రాలిపోతాయి. బొమ్మ వేయడానికి రెండు వైపులూ కావాలి.

రేఖ_జయనగర్
నేను ముప్ఫై దాటాక బొమ్మలు నేర్చుకున్నాను, అదీ ఈ ‘కుడి మెదడు’ పద్ధతిలోనే. 1979లో బెటీ ఎడ్వర్డ్స్ రాసిన పుస్తకంలో ఒక అభ్యాసం ఉంది. పికాసో గీసిన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ రేఖాచిత్రాన్ని తలకిందులుగా పెట్టుకుని చూసి గీయాలి. మామూలుగా అయితే ‘ఇది ముక్కు’ అనుకోగానే చెయ్యి చిన్నప్పుడు అలవాటైన ముక్కు గుర్తు వేసేస్తుంది. తలకిందులైతే ముక్కని తట్టదు, గీత ఎటు వంగింది, పక్క గీతకి ఎంత దూరం, అదే చూస్తాం. నాకు పనిచేసింది. దాన్ని మీరు మోసం అంటే ఒప్పుకోను.

సుబ్బు_ఫిజియో
మోసమన్నది ఆ క్లాసుని. ఆ పద్ధతి పనిచేయొచ్చు, కారణం మాత్రం కుడి మెదడు మేలుకోవడం కాదు. పేరు పెట్టడం ఆపి చూడటం మొదలుపెట్టారు, అంతే.

శీను_కేఆర్‌పురం
మా పాపది ఎడమచేతి వాటం. బొమ్మలు అద్భుతంగా వేస్తుంది. ఎడమచేతివాళ్లది కుడి మెదడే కదా!

రఘు_సీమ
శీనూ, కరెక్ట్ చెప్పావు. నాది కూడా ఎడమ చెయ్యే. స్కూల్లో స్కేలుతో వేళ్ల మీద కొట్టి కుడి చేతికి మార్చారు. అప్పటిదాకా గోడల నిండా బొమ్మలే. ఆ తర్వాత ఒక్కటీ వేయలేదు. ఇది చాలదా రుజువు?

సుబ్బు_ఫిజియో
మిమ్మల్ని కొట్టడం ఘోరం రఘుగారూ. ఎడమ చేతిని కుడి సగం నడిపిస్తుందన్నదీ నిజమే. అయినా ఎడమచేతివాళ్లలో కూడా ఎక్కువమందికి భాష ఎడమవైపే ఉంటుంది.

రఘు_సీమ
భాష సంగతి ఎవరడిగారండీ? నేను చెయ్యి గురించి చెబుతున్నా. దెబ్బలు తిన్నది నేను.

హరిత_మారతహళ్లి
మరి మా వాడు వెనకబడ్డట్టేనా?

సుబ్బు_ఫిజియో
లేదమ్మా. గోడలోంచి లోపలివి కనిపించేలా వేయడం ఆ వయసుకి మామూలే. పిల్లలు కంటికి కనబడేది కాదు, తమకి తెలిసింది వేస్తారు. 1972లో ఫ్రీమన్, జానికౌన్ అనే పరిశోధకులు ఒక కప్పుని హ్యాండిల్ కనబడకుండా తిప్పి పెట్టి గీయమన్నారు. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో చాలామంది కనబడని హ్యాండిల్ కూడా వేశారు. కప్పంటే హ్యాండిల్ ఉంటుందని వాళ్లకి తెలుసు! తాతయ్య ఇంట్లో ఉన్నాడని మీ వాడికి తెలుసు. వదిలేయండి, వాడి మానాన వాణ్ణి వేసుకోనివ్వండి.

రేఖ_జయనగర్
‘వదిలేయండి’ అనడం చాలా సులువు. మా ఇంట్లోనూ అలాగే వదిలేశారు. నాలుగో తరగతిలో నాన్నమ్మ బొమ్మ వేయాలని కూర్చున్నా. చెయ్యి మడిచి ఒళ్లో పెట్టుకున్నట్టు రావాలి. ఎంతకీ రాలేదు. రబ్బరుతో తుడిచి తుడిచి, సరిగ్గా చెయ్యి ఉన్నచోటే కాగితం చిరిగింది. ‘నీకు రాదులే, చదువుకో’ అన్నారు. తొమ్మిది, పదేళ్లకి పిల్లలకి తమ బొమ్మ నిజంలా లేదని వాళ్లకే తెలుస్తుంది. ఎంతోమంది మానేసేది అప్పుడే. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చుని చూపించి ఉంటే నాకు అన్నేళ్లు పోయేవి కావు. మీ స్కాన్లు నాకెందుకండీ?

సుబ్బు_ఫిజియో
అయితే నా సంగతీ వినండి. మా అమ్మాయిని ఇలాంటి క్లాసులోనే వేశాం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు. అందరికీ అదే. దాని గీత మీద సారు తన గీత గీసేవారు, రంగు దాటితే తనే సరిచేసేవారు. ఎగ్జిబిషన్ రోజు గోడ మీద దాని పేరు రాసి ఉన్న బొమ్మని మా అమ్మాయి గుర్తుపట్టలేదు. ‘ఇది నాది కాదు నాన్నా’ అంది. ఆ తర్వాత పెన్సిల్ ముట్టుకోలేదు.

రేఖ_జయనగర్
ఈ మాట ముందే చెబితే పోయేది కదా. మీ కోపం నేర్పించడం మీద కాదు, పిల్ల కాగితం మీద ఇంకొకళ్లు చెయ్యి పెట్టడం మీద. నేనూ అదే అంటాను. కప్పు ఎదురుగా పెట్టి ‘ఇక్కణ్ణుంచి నీకు ఏం కనబడుతోంది’ అని అడిగితే అదీ నేర్పడమే.

సుబ్బు_ఫిజియో
పిల్లాడు అడిగినప్పుడు. ఏడేళ్లకి పెద్దవాళ్ల తొందర కోసం కాదు.

హరిత_మారతహళ్లి
నిన్న రాత్రి అడిగాడండీ. ‘అమ్మా, కుక్క పక్కకి తిరిగి ఉంటే అవతలి కాళ్లు ఎక్కడ వేయాలి?’ అని. నాకు తెలీక ‘నీకు తోచినట్టు వెయ్యి’ అన్నా. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

రేఖ_జయనగర్
చూశారా సుబ్బుగారూ, అడిగాడు.

సుబ్బు_ఫిజియో
అయితే కిందకి తీసుకెళ్లి వీధిలో కుక్కని చూపించండి. దానికి 12 వేలెందుకు?

శీను_కేఆర్‌పురం
అక్కా, జనవరిలో మన బెంగళూరు చిత్రకళా పరిషత్ దగ్గర చిత్రసంతె, అంటే బొమ్మల సంత జరుగుతుంది. కుమారకృపా రోడ్డంతా బొమ్మలే. పిల్లాడికి చూపించండి.

హరిత_మారతహళ్లి
క్లాసుకి వద్దని చెప్పేశాను. కుక్క బొమ్మ మాత్రం రేఖగారు చెప్పినట్టు వాడితో కూర్చుని చూస్తాను. సంతెకీ తీసుకెళ్తాం.

సుబ్బు_ఫిజియో
మంచిది. అక్కడ చూసినవాటిని ఇంటికొచ్చి కాపీ మాత్రం చేయించకండి.

రేఖ_జయనగర్
కాపీ చేస్తే ఏమైంది? నేను నేర్చుకున్నదే పికాసో గీతలు కాపీ చేసి. వాడికి నచ్చినదాన్ని వాడే ఎంచుకుని, వాడి చేత్తోనే గీస్తే దానికీ మీరు అడ్డుపడతారా?