గల్ఫ్‌పోర్ట్ వస్తున్న తమ్ముడికి: ముందు జెస్మిన్ వార్డ్‌ని చదువు

తమ్ముడూ, అమెరికాలో మిసిసిపీ తీరాన ఉన్న ఈ గల్ఫ్‌పోర్ట్‌లో ఇల్లు ఎటువైపు తీసుకోవాలి, ఏ ఏరియాలకి వెళ్లకూడదు అని అడిగావు. రెండోదానికి మనవాళ్లు మామూలుగా ఇచ్చే జవాబు నేనివ్వను. నల్లజాతివాళ్లు ఉండే వీధుల పేర్లు చెప్పి భయపెడతారు. నన్నూ అలాగే భయపెట్టారు, రెండేళ్లు నమ్మాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నువ్వు మాత్రం దిగకముందే జెస్మిన్ వార్డ్‌ని చదువు, ఈ తీరం గురించి రాసే నల్లజాతి రచయిత్రి. ఆవిడ పెరిగిన డిలీల్, గల్ఫ్‌పోర్ట్‌కి పడమరగా కారులో అరగంట లోపే. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, అదీ స్టాన్‌ఫర్డ్‌లో. 2000లో తాగి బండి నడిపినవాడు గుద్ది ఆవిడ తమ్ముడు పోయాడు. తమ్ముడితో కలిపి నాలుగేళ్లలో తనవాళ్లనుకున్న ఐదుగురు కుర్రాళ్లు పోయారు. ఆ జ్ఞాపకాల పుస్తకం 'మెన్ వి రీప్డ్'లో ఆఖరి చావుతో మొదలెట్టి, వెనక్కి వెనక్కి నడిచి తమ్ముడి దగ్గరికొస్తుంది. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

'సాల్వేజ్ ది బోన్స్' నవల అయితే ఈ తీరంలో ఇల్లు తీసుకునే ప్రతివాళ్లూ చదవాలి. 2005 కత్రినా తుఫానుకి ముందు పది రోజులు, తుఫాను రోజు, ఆ మర్నాడు, అంతే కథ. చెప్పేది తల్లిలేని పదిహేనేళ్ల పిల్ల, కడుపుతో ఉంటుంది. టీవీలో 'స్టార్మ్ సర్జ్' అంటుంటే నాకు ఒంటికి తగిలేది కాదు. మాది దివిసీమ. నీళ్లు అటక దాకా ఎక్కి వాళ్లు కప్పు పగలగొట్టుకుని బయటపడే చోటు చదివాక తెలిసింది, ఇది మా అమ్మమ్మ చెప్పిన 1977 ఉప్పెనేనని. 2005లో వార్డ్ కుటుంబం కూడా నీళ్లలోంచి బయటపడి ఒక పొలం చేరితే, ఆ తెల్ల ఆసాములు ఇంట్లోకి రానివ్వలేదు. తర్వాత వేరే తెల్లవాళ్లే చోటిచ్చారు. అదీ రాసింది, ఇదీ రాసింది.

2011లో 'సాల్వేజ్ ది బోన్స్'కి, 2017లో 'సింగ్, అన్‌బరీడ్, సింగ్'కి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. నవలకి రెండుసార్లు అందుకున్న తొలి మహిళ ఆవిడే.

ఇంటి సంగతి: సముద్రానికి దూరంగా, మెరకలో చూడు. కత్రినాకి డిలీల్ పక్కనున్న పాస్ క్రిస్టియన్ ఊళ్లో నీళ్లు 27 అడుగులు దాటాయి. అద్దెకుండేవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్ వరదకి వర్తించదు, ఫ్లడ్ పాలసీ విడిగా కట్టాలి. ప్రభుత్వ పాలసీ కట్టాక మామూలుగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, కాబట్టి తుఫాను వార్త వచ్చేదాకా ఆగకు.

పుస్తకాలు కొనకు, నా దగ్గరున్నాయి. వచ్చిన మొదటి ఆదివారం భోజనానికి రా, సాయంత్రం డిలీల్ వైపు తీసుకెళ్తాను.