చెరువు మట్టా, మేడిగడ్డా: ముఖ్యమంత్రి శ్రద్ధ దేనికి దక్కాలి?

చెరువుగట్టు:
2015 మార్చిలో సదాశివనగర్‌లో చెరువుల పూడిక తీసి బాగు చేసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నుంచి సర్పంచ్ దాకా అందరి నోటా చెరువే. మరుసటి ఏడాది మే నెలలో కన్నెపల్లి వద్ద కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలోని మేడిగడ్డ బరాజ్‌కు శంకుస్థాపన జరిగిన తర్వాత ఆ ధ్యాసంతా గోదావరి వైపు మళ్ళింది. 46 వేల చెరువుల పనిని నడుమ వదిలి కొత్తదాన్ని తలకెత్తుకోవడం సరైన ఎంపికేనా?

లెక్కలు సరిచూడండి:
46,531 అన్నది గుర్తించిన చెరువుల సంఖ్య. ఏటా అయిదో వంతు చొప్పున బాగు చేయాలన్నది లక్ష్యం. రెండింటినీ కలపకండి.

మెట్టరైతు:
వాన పడని ఏడాది పూడిక తీసిన చెరువైనా ఎండిన గుంతే. పైగా కట్టకు మట్టి పోయించడానికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చాలు. మహారాష్ట్రతో దశాబ్దాలుగా తెగని ముంపు పంచాయితీని తేల్చి, 2016 ఆగస్టులో ముంబయిలో ఒప్పందంపై సంతకం చేయించడం ఏ ఏఈ వల్ల అవుతుంది? ఇతరులెవ్వరూ చేయలేని పనికే నాయకుడు తన కాలం ఖర్చు పెట్టాలి.

చెరువుగట్టు:
ఏఈ చాలునంటున్నారు కనుక మా ఊరి సంగతి వినండి. బాగు చేసిన రెండేళ్ళకే తూము షట్టర్ కడ్డీ వంగిపోయింది. నేను మూడుసార్లు కార్యాలయానికి వెళ్ళాను. పైనుంచి ఇప్పుడు చెరువుల మాట రావడం లేదని చెప్పి పంపారు. ఇసుక బస్తాలు కుక్కి నీళ్ళు ఆపుకుంటున్నాం. పైవాడి చూపు తప్పితే కింద చేయి ఆడదని అప్పుడే తెలిసింది.

మెట్టరైతు:
ఒక ఊరి షట్టర్ కోసం రాష్ట్రం ఆగాలా? మా నాన్న ఏడు బోర్లు వేయించి, ఏడింటా దుమ్మే చూశాడు. మత్తడి దుంకే చెరువు కింద పుట్టినవారికి ఆ బాధ ఎక్కడిది?

ఓరుగల్లు వాసి:
2019 జూన్‌లో ప్రారంభమైన బరాజ్‌లో 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాయి. ఆ మాట కూడా చెప్పండి.

మెట్టరైతు:
అది కట్టుబడిలో లోపం. ఆలోచనే తప్పని దాంతో ఎలా తేలుతుంది?

లెక్కలు సరిచూడండి:
గుర్తించిన సంఖ్య వేరు, ఏటా బాగు చేయాలన్న లక్ష్యం వేరు అన్న నా మాటకు ఇంతవరకు ఎవరూ బదులివ్వలేదు.

చెరువుగట్టు:
నా అభ్యంతరం బరాజ్ మీద కాదని రాస్తూ రాస్తూ ఉంటే నాకే తేటపడింది. 2016 మార్చి 31న శాసనసభలో ముఖ్యమంత్రి స్వయంగా తెర మీద పటాలు చూపిస్తూ ప్రాజెక్టులను వివరించారు. నాడు నేనూ మురిసిపోయాను. కానీ నాయకుడే ఇంజినీరై నిలబడితే, లెక్క తప్పిందని ఆయన ముందు చెప్పే ఇంజినీరు ఎవరు మిగులుతారు? చెరువు పనిలో పొరపాటు జరిగితే పొలాలకు నీళ్ళు వదిలే నీరటి కూడా గట్టు మీద నిలబడి తిడతాడు.

మెట్టరైతు:
ఇప్పుడు అసలు మాటకు వచ్చారు, అక్కడే నేను మీతో విభేదిస్తాను. మా ప్రాంతానికి నీళ్ళు ఎక్కవని, ఖర్చు గిట్టుబాటు కాదని చిన్నప్పటి నుంచి చదువుకున్నవారే చెబుతూ వచ్చారు. వారి కాగితాలన్నీ సరిగ్గానే ఉండవచ్చు, కానీ మా బావుల్లో నీళ్ళు లేవు. కాదన్నవారి మాట పక్కనబెట్టి పటం తానే చేతికి తీసుకున్న మనిషి మీద మాకు గురి కుదిరింది. ఆ గురి తప్పో ఒప్పో, అది ఎందుకు పుట్టిందో మీరు ఒక్కసారీ అడగలేదు.

చెరువుగట్టు:
అడగలేదు, నిజమే. అయినా కాదనేవాడు ఆ గదిలో ఒకడు ఉండవలసిందనే ఇప్పటికీ అంటాను.

ఓరుగల్లు వాసి:
చెరువుగట్టు గారూ, షట్టర్ బిగించారా?

చెరువుగట్టు:
లేదండీ. మొన్న బస్తాలు మార్చాం.