సిగ్గు ఒకటే, ఇంగ్లీషులో మూడు మాటలా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: షై, అషేమ్డ్, ఎంబరాస్డ్ అనే మూడు మాటలకీ నిఘంటువులో ‘సిగ్గు’ అనే కనిపిస్తోంది, మరి ఏది ఎక్కడ వాడాలి అని. వ్యాఖ్యలో రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నాను, కుదరలేదు. ఈ సిగ్గు దగ్గర నేనూ ఒకసారి బోల్తా పడ్డాను మరి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారికి ఒక మెయిల్ రాశాను. మీటింగులో చెప్పిన పని నాకు అర్థం కాలేదు, అందరి ముందూ అడగాలంటే సిగ్గుగా ఉంది, కాస్త విడిగా చెప్పండి అని నా ఉద్దేశం. రాసింది మాత్రం ‘ఐ యామ్ వెరీ అషేమ్డ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద టీమ్’ అని. ఆయన వెంటనే పిలిచి తలుపు వేసి, ‘ఏం జరిగింది? ఎవరైనా ఏమైనా అన్నారా? నువ్వేమైనా చేశావా?’ అని అడిగేసరికి నాకు చెమటలు పట్టాయి. అషేమ్డ్ అన్న మాటలో ఏదో తప్పు జరిగిందన్న వాసన ఉంటుందని నాకప్పుడు తెలియదు.

నిజానికి ఈ మూడూ తెలుగులో కూడా వేరువేరే. సిగ్గు అన్న మాట మారదు, దాని పక్కన చేరే క్రియ మారుతుంది. ‘ఆ పిల్ల కొత్తవాళ్ళు కనబడితే సిగ్గుపడుతుంది’ అంటే అది స్వభావం, షై. ‘అబద్ధం చెప్పడానికి సిగ్గులేదూ?’ అంటే అది నీతికి సంబంధించిన సంగతి, అక్కడ షేమ్. ‘నలుగురిలో జారిపడ్డాను, సిగ్గేసింది’ అంటే తప్పేమీ లేదు, పదిమంది చూశారంతే. అది ఎంబరాస్డ్. ఎవరూ లేని గదిలో జారిపడితే నడుం పట్టుకుని మూలుగుతామే తప్ప ఎంబరాస్ అవము. చేసిన మోసం లోకానికి ఎప్పటికీ తెలియకపోయినా షేమ్ మాత్రం లోపల ఉండిపోతుంది. షై అవడానికైతే అసలేమీ జరగనక్కర్లేదు.

అప్పటి నుంచి నాకొక అలవాటు. దగ్గర దగ్గర అర్థాలున్న రెండు ఇంగ్లీషు మాటలు ఎదురైతే వాటికి సరిపోయే తెలుగు మాట వెతకను. తెలుగు వాక్యం ఒకటి పైకి అనుకుంటాను. లుక్, సీ ఉన్నాయి చూడండి, రెంటికీ ‘చూడు’ అనే నేర్చుకున్నాం. కానీ ‘కిటికీలోంచి చూశాను, ఏమీ కనబడలేదు’ అంటాం కదా! ఆ చూడటం లుక్, ఆ కనబడటం సీ. ఫోనులో ‘వింటూనే ఉన్నాను, కానీ వినబడట్లేదు’ అంటాం. వినడం లిజన్, వినబడటం హియర్. ‘నేను’ చేసే పనైతే లుక్, లిజన్. ‘నాకు’ అయ్యేదైతే సీ, హియర్. వాక్యంలో ‘నేను’ ఉందా, ‘నాకు’ ఉందా అని చూసుకుంటే మొదటి అడుగు పడినట్టే. ఇక వాచ్ అంటే కదులుతున్నదాన్నో, మారుతున్నదాన్నో కాసేపు చూడటం. ఫోటోని వాచ్ చేయం, ఆటని చేస్తాం.

థెసారస్ (పర్యాయపదాల పుస్తకం) తెరిస్తే సరిపోదా అని కొందరంటారు. రోజెట్ థెసారస్ 1852లో వచ్చింది (మన బ్రౌన్ దొర నిఘంటువు అచ్చయిందీ ఆ ఏడాదే, సరదాగా చెబుతున్నాను). రోజెట్ చేసింది ఒక భావానికి చెందిన మాటలన్నిటినీ ఒకచోట పోగు చేయడం. ఏ మాటకీ అర్థం చెప్పలేదు. తెలిసి మరిచిపోయిన మాటని గుర్తుచేయడానికి అది బంగారం. తెలియని మాటని అందులోంచి ఏరుకుని వాడితే మాత్రం నా మెయిల్ గతే.

వ్యాఖ్య: బాగుందండీ. మరి జెలస్, ఎన్వీ సంగతి? తెలుగులో వాక్యం ఎలా అనుకున్నా కుళ్ళు అనే వస్తోంది నాకు!

జవాబు: ఎన్వీకి ఇద్దరు చాలు. మీ దగ్గర ఉన్నది నా దగ్గర లేదే అన్న బాధ అది. జెలసీలో చాలాసార్లు మూడో మనిషి ఉంటాడు. నాదైనది అతను ఎక్కడ ఎగరేసుకుపోతాడో అన్న భయం అది. అయితే మామూలు మాటల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా ఎన్వీ అనాల్సిన చోట జెలస్ అనేస్తారు. స్నేహితుడు సెలవు మీద ఊళ్ళు తిరగడానికి వెళ్తున్నానంటే ‘ఐ యామ్ సో జెలస్’ అంటారు, ఎవరూ తప్పు పట్టరు.

మనమేమీ తక్కువ తినలేదు. ఈర్ష్య, అసూయ ఒకటే అన్నట్టు వాడేస్తున్నాం. అమరకోశం చూడండి: ‘అక్షాంతిరీర్ష్యాసూయా తు దోషారోపో గుణేష్వపి’. ఎదుటివాడి బాగు ఓర్వలేకపోతే ఈర్ష్య. వాడిలోని మంచి గుణానికి కూడా వంక పెడితే అసూయ. ‘వాడికి ఫస్ట్ ర్యాంకు వచ్చిందా!’ అని మూతి ముడిస్తే ఈర్ష్య, ‘వచ్చింది లెండి, బట్టీ కొట్టి’ అంటే అసూయ. పర్యాయపదాల పుస్తకమే అయినా అక్కడ ఆగి, ఆ ‘తు’ (అంటే ‘అయితే’) తో రెంటినీ విడదీసింది. ఈ తేడాకి ఇంగ్లీషులో సరిజోడు నాకింతవరకు దొరకలేదు.

వ్యాఖ్య: నాకు ఒప్పుదల లేదు మాస్టారూ. ‘ఇంటికి వెళ్తున్నా’ అంటే హోమ్. ‘ఇంటికి రంగు వేయించాం’ అంటే హౌస్. రెండుచోట్లా ‘ఇంటికి’ అనే ఉంది. మీ చిట్కా ఇక్కడ ఏమైంది?

జవాబు: ఇక్కడ తుస్సుమంది, ఒప్పుకుంటున్నాను. గోడలూ కప్పూ ఉన్నది హౌస్, మన అనుకునేది హోమ్. అద్దెకున్న ఒంటిగది కూడా హోమ్ కావచ్చు. (అమ్మకాల ప్రకటనల్లో హౌస్‌ని హోమ్ అనడం ఎందుకో వేరే చెప్పాలా?) ఇంకొన్నిచోట్ల అయితే ఏ తర్కమూ ఉండదు. వానకి హెవీ, గాలికి స్ట్రాంగ్. బిగ్ మిస్టేక్ అంటారు, లార్జ్ మిస్టేక్ అనరు. ఎందుకంటే ఏం చెబుతాం? కుండపోత వాన ఉంది, కుండపోత గాలి ఎందుకు లేదు? జంటను జంటగానే నేర్చుకోవాలి, అంతే.

తెలుగువాళ్ళకి బాగా కలిసొచ్చే చోటు మరొకటుంది, మాట బరువు. ఆస్క్ పాత ఇంగ్లీషు మాట. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కోర్టులోకీ కచేరీలోకీ ఫ్రెంచి వచ్చి కూర్చుంది. క్వశ్చన్ ఆ దారిన వచ్చిందే. ఇంటరాగేట్ లాటిన్ నుంచి వచ్చింది. మనకి అడగడం అచ్చ తెలుగు, ప్రశ్నించడం, విచారించడం సంస్కృతం నుంచి వచ్చినవి. ‘పోలీసులు అతన్ని అడిగారు’, ‘ప్రశ్నించారు’, ‘విచారించారు’. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆ మనిషికి టెన్షన్ ఎలా పెరుగుతుందో చూడండి, ఇంగ్లీషులోనూ అచ్చం అంతే. దారి అడగడానికి ప్రశ్నించం కదా, అక్కడ క్వశ్చన్ కూడా పనికిరాదు.

వ్యాఖ్య: అన్నీ బాగానే చెప్పారు గానీ, మీ మెయిల్ సంగతి మళ్ళీ చదివాను. అందరి ముందూ అడగడానికి మీకు వచ్చింది సిగ్గు కాదండీ, మొహమాటం. షై అని రాసినా తప్పే అయ్యేది.

జవాబు: ఇన్నేళ్ళుగా అది షై అనే అనుకుంటున్నాను! మీరన్నది నిజం. ఆ మీటింగులో నోరు విప్పలేని పిరికితనం నాకేమీ లేదు. మిగతావాళ్ళ టైము నావల్ల పాడవుతుందేమో, చెప్పిన ఆయన నొచ్చుకుంటారేమో అని ఆగాను. మొహమాటానికి ఇంగ్లీషులో ఒక్క మాట వెతికితే దొరకదు. వాక్యమైతే ఉంది: ‘ఐ డిడింట్ లైక్ టు ఆస్క్’. అడగడం ఇష్టం లేదని కాదు, అడగడానికి మొహమాటపడి ఊరుకున్నానని. ఆ రోజు ఈ నాలుగు ముక్కలు రాసుంటే ఆయన తలుపు వేసేవారు కాదు.