కమ్యూనికేషన్ పీజీ డిసర్టేషన్: సినాప్సిస్‌లో "ప్రభావం" అని రాస్తే గైడ్ తిప్పి పంపారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అక్షరబాట:

అందరికీ నమస్కారం. కమ్యూనికేషన్‌లో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను, దీని తర్వాత పీహెచ్‌డీ చేయాలని గట్టిగా ఉంది. డిసర్టేషన్‌కి "వాట్సాప్ ఆరోగ్య సందేశాల ప్రభావం: ఒక అధ్యయనం" అని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇచ్చాను. గైడ్ మేడం "ప్రభావం" అన్న మాటకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కనే "ఎవరి మీద? దేనితో పోల్చి?" అని రాసి తిప్పి ఇచ్చేశారు.

నేను అనుకున్నదేంటంటే, గూగుల్ ఫామ్‌లో ఓ పాతిక ప్రశ్నలు పెట్టి తెలిసినవాళ్ళందరికీ పంపి, వచ్చిన జవాబులతో చార్టులు గీసి రాసేద్దామని. సీనియర్లు చాలామంది ఇలాగే చేశారు. కానీ మేడం అడిగినదానికి ఆ ఫామ్‌లో జవాబు దొరకదని ఇప్పుడు అర్థమవుతోంది. స్టాటిస్టిక్స్ అంటే నాకు టెన్షన్. క్వాలిటేటివ్ (అంకెలతో కాకుండా ఇంటర్వ్యూల్లాంటి వాటితో చేసేది) అయితే సులువని ఒకరు అంటున్నారు, కంటెంట్ ఎనాలిసిస్ (సందేశాల్లో ఏముందో వర్గాలుగా లెక్కపెట్టడం) అయితే తొందరగా తెమిలిపోతుందని ఇంకొకరు, థియరీ చాప్టర్‌లో అజెండా సెట్టింగ్ (మీడియా ఎక్కువ చోటిచ్చిన సమస్యే జనానికీ ముఖ్యమనిపిస్తుందన్న సిద్ధాంతం) పెట్టేస్తే ఎవరూ అడగరని మరొకరు.

డిగ్రీ కోసం ఏదో ఒకటి రాసి ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. ఫార్వర్డ్ మెసేజ్ చూసి బీపీ మాత్రలు ఆపేసినవాళ్ళని దగ్గర నుంచి చూశాను కాబట్టి ఈ విషయం మీదే పని చేయాలనుంది. టాపిక్ మార్చుకోకుండా దీన్ని సరైన దారిలో పెట్టడం ఎలాగో చెప్పండి. పీహెచ్‌డీకి గైడ్‌ని ఎలా ఎంచుకోవాలో కూడా ఎవరైనా చెబితే మేలు.

నడిచేపెన్ను:

మీ మేడం రాసిన ఆ రెండు ముక్కల్లోనే సగం మెథడాలజీ ఉంది, ఆ కాగితం దాచుకోండి.

ప్రభావం అనాలంటే పోలిక ఉండాలి. మెసేజ్ చూసినవాళ్ళకీ చూడనివాళ్ళకీ మధ్య తేడా, లేదా ఒకే మనిషిలో చూడకముందుకీ చూశాకకీ మధ్య తేడా. "మీ మీద వాట్సాప్ ప్రభావం ఉందా?" అని ఫామ్‌లో అడిగితే వచ్చేది, తమ మీద ప్రభావం ఉందని జనం అనుకుంటున్నారా లేదా అన్న సమాచారం. అది వేరే సంగతి. పైగా ఎక్కువమంది తమ మీద తక్కువ, ఎదుటివాళ్ళ మీద ఎక్కువ ప్రభావం ఉంటుందనే చెబుతారు. దీన్ని థర్డ్ పర్సన్ ఎఫెక్ట్ అంటారు, 1983లో ఫిలిప్స్ డేవిసన్ ఈ పేరు పెట్టారు.

అజెండా సెట్టింగ్ "పెట్టేయమన్న" స్నేహితులకి అది ఎలా పుట్టిందో ఒకసారి చెప్పండి. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెకోంబ్స్, షా అనే ఇద్దరు చాపెల్ హిల్ అనే ఊళ్ళో, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని, దేశంలో ముఖ్యమైన సమస్యలు ఏమిటని అడిగారు. ఆ ఓటర్లకి అందే పత్రికలు, టీవీ వార్తలు ఏ సమస్యకి ఎంత చోటిచ్చాయో విడిగా లెక్కగట్టారు. జనం చెప్పిన ప్రాధాన్య వరుసనీ మీడియా ఇచ్చిన వరుసనీ పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు సరిపోయాయి. 1972లో అచ్చయిన ఆ వ్యాసం "మీడియా జనాన్ని మారుస్తుందా" అని అడగలేదు. ఈ వరుసా ఆ వరుసా కలుస్తున్నాయా అని అడిగింది, అంతే. అప్పటికీ మీడియాని చూసి జనమా, జనాన్ని చూసి మీడియానా అన్న అనుమానం మిగిలింది. దాని కోసం 1980ల్లో ఐయెంగార్, కిండర్ వార్తల టేపుల్ని మార్చి కొందరికి ఒక రకంగా, కొందరికి మరో రకంగా చూపించి ప్రయోగాలు చేయాల్సొచ్చింది. ఒక్క "ప్రభావం" అన్న మాట వెనక ఇంత పని ఉంది. పీజీలో దాన్నంతా నెత్తిన వేసుకోనక్కర్లేదు, ప్రశ్నని చిన్నది చేసుకుంటే చాలు. ఇక మీ దగ్గర రెండు వరుసలు పోల్చే ఉద్దేశమే లేనప్పుడు అజెండా సెట్టింగ్‌తో మీకు పని లేదు.

రెండోచూపు:

కంటెంట్ ఎనాలిసిస్ తొందరగా అయిపోతుందని చెప్పినవాళ్ళు కోడింగ్‌కి, అంటే ఒక్కో సందేశం ఏ వర్గంలోకి వస్తుందో తేల్చడానికి, కూర్చుని ఉండరు. నేను ఏళ్ళ తరబడి విద్యార్థులతో చేయిస్తున్న పని ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కొన్ని వందల ఆరోగ్య సందేశాలు పోగుచేశారనుకోండి. వాటిలో "భయపెట్టేవి" ఎన్ని అని లెక్కపెట్టాలి. చదివితే తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. "ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే డాక్టర్‌ని కలవండి" అన్న సందేశం తీసుకోండి. ఒకరికి ఇది భయం, ఇంకొకరికి సలహా. ఇద్దరూ తెలివైనవాళ్ళే, ఇద్దరి దగ్గరా కారణం ఉంది. అప్పుడు కోడ్‌బుక్‌లో (కోడింగ్ నియమాల పుస్తకంలో) నియమం రాసుకోవాలి: ప్రాణం పోతుందనో, అవయవం చెడిపోతుందనో సందేశంలోనే ఉంటే భయం కింద వేయాలి, చెడు పరిణామం ఏమీ చెప్పకుండా వెంటనే వెళ్ళమని మాత్రమే ఉంటే సలహా కింద వేయాలి. మరి మాటల్లో ఏమీ లేకుండా పుర్రె బొమ్మ మాత్రం ఉంటే? దానికి ఇంకో వాక్యం. బొమ్మనీ మాటనీ కలిపి ఒక యూనిట్‌గా తీసుకుంటున్నారా, విడివిడిగానా? అదీ రాయాలి. ఇలా ఒక్కో కేటగిరీకి వాక్యాలు పెరుగుతూ పోతాయి. రిసెర్చ్ ట్రైనింగ్ అంటే నా దృష్టిలో అసలు ఇదే, మన బుర్రలో ఉన్న తీర్పుని ఇంకొకరు మన సాయం లేకుండా వాడుకునేలా కాగితం మీద పెట్టడం.

తర్వాత ఇద్దరు కోడర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా అవే సందేశాల్ని కోడ్ చేయాలి. "మాకు 82 శాతం కలిసింది" అని చాలా డిసర్టేషన్లలో సంతోషంగా రాస్తుంటారు. లెక్క చూడండి. నూటికి 90 సందేశాల్లో ఆధారం ఏమీ చెప్పలేదనుకుందాం. ఇద్దరు కోడర్లు చదవకుండానే, ఎవరికి వారు నూటికి 90కి "ఆధారం లేదు" అని గుడ్డిగా టిక్కు పెట్టుకుంటూ పోయినా, రెండు "లేదు"లు కలిసేవి 81, రెండు "ఉంది"లు కలిసేవి 1, మొత్తం 82. అందుకే యాదృచ్ఛికంగా కలిసే భాగాన్ని తీసేసి చూపే కోహెన్ కప్పా, క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అనే కొలతలు వాడతాం. ఆల్ఫా 0.80 దాటితే నమ్మకంగా మాట్లాడొచ్చు. 0.667కీ 0.80కీ మధ్య ఉంటే ఆచితూచి మాట్లాడాలి, అంతకంటే తక్కువైతే కోడ్‌బుక్ తిరగరాసుకోవాలి. ఇదంతా అసలు డేటా జోలికి వెళ్ళకముందు చిన్న పైలట్‌లోనే (ముందస్తు ప్రయత్నంలోనే) జరిగిపోవాలి. స్టాటిస్టిక్స్ అంటే భయం అన్నారు కదా, ఈ మాత్రం లెక్కకి కూడికలు, గుణకారాలు వస్తే చాలు, భయపడకండి.

గోడమీదవార్త:

రెండోచూపు గారు చెప్పింది నూరుపాళ్ళూ నిజం. అయితే ఆయన పద్ధతిలో మెసేజ్‌లో ఏముందో తెలుస్తుంది, అది చదివిన మనిషి మాత్రలు ఎందుకు ఆపాడో తెలియదు. అక్షరబాటకి కావాల్సింది ఆ రెండోదని నాకు అనిపిస్తోంది.

క్వాలిటేటివ్ సులువన్న మాట మాత్రం నమ్మొద్దు. గంట ఇంటర్వ్యూని పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడానికే నాలుగు నుంచి ఆరు గంటలు పట్టేస్తుంది, ఆ తర్వాత కోడింగ్, మెమోలు (మధ్యలో తట్టిన ఆలోచనల నోట్సు). పైగా ప్రశ్న అడగడం రావాలి. "ఎందుకు ఫార్వర్డ్ చేశారు?" అంటే అందరూ "నలుగురికీ ఉపయోగపడుతుందని" అనే మర్యాదైన జవాబే ఇస్తారు. అలా అడగకుండా, వాళ్ళ ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంచి, ఈమధ్య మీరు పంపిన ఆరోగ్య సందేశం ఒకటి వెతికి చదవండి, అది వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు, ఎవరికి పంపారు, ఎవరికి పంపకూడదనుకున్నారు, ఎవరైనా తిరిగి ఏమన్నారు అని అడిగి చూడండి. "మా కోడలికి పంపను, తను నర్సు, నవ్వుతుంది" లాంటి మాట వచ్చిందంటే మీ థియరీ చాప్టర్ అక్కడే మొదలవుతుంది. 1940ల మొదట్లో హెర్టా హెర్జోగ్ అనే పరిశోధకురాలు రేడియో సీరియళ్ళు వినే ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడితే, ఆ కథల నుంచి ఇంటి సమస్యలకి సలహాలు తీసుకుంటున్నామని చెప్పినవాళ్ళు ఉన్నారు. తర్వాత యూజెస్ అండ్ గ్రాటిఫికేషన్స్ (మీడియాని జనం తమ ఏ అవసరాలకి వాడుకుంటారో చూసే సిద్ధాంతం) అన్న పేరుతో ఎదిగిన ఆలోచనకి బీజం అలాంటి ఇంటర్వ్యూల్లోనే ఉంది.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. ఫ్యామిలీ గ్రూపులో ఒకరు మీకు ఒప్పుకున్నంత మాత్రాన మిగతావాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. స్క్రీన్‌షాట్లు తీసుకోకండి, పేర్లు, నంబర్లు రాసుకోకండి, ఎథిక్స్ అనుమతి ముందే తీసుకోండి. ఇక కంపెనీలు ఇచ్చే డేటా మీద ఆధారపడి టాపిక్ కట్టుకోకండి. ట్విట్టర్ డేటాని పరిశోధకులకి ఉచితంగా అందించిన ఏపీఐ అనే దారి 2023లో ఆగిపోయింది, ఫేస్‌బుక్ పోస్టులు చూడ్డానికి పరిశోధకులు వాడే క్రౌడ్‌టాంగిల్‌ని 2024 ఆగస్టులో మూసేశారు. వాటిని నమ్ముకున్న పరిశోధనలు నడిమధ్యలో ఆగిపోయాయి.

చదువరి:

పీహెచ్‌డీ గైడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా. ఈ సబ్జెక్ట్ మొదటి నుంచీ వేరే వేరే శాస్త్రాల నుంచి వచ్చినవాళ్ళతో నడిచింది. లాస్వెల్ రాజనీతి శాస్త్రం, లాజర్స్‌ఫెల్డ్ సోషియాలజీ, హోవ్‌లాండ్, లెవిన్ సైకాలజీ. విల్బర్ ష్రామ్ 1947లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ పరిశోధనకే ఒక సంస్థ పెట్టాక అది విడి శాఖగా నిలదొక్కుకుంది. అందుకే ఇప్పటికీ ఒక డిపార్ట్‌మెంట్‌లో థియరీ అంటే ప్రయోగాలు, హైపోథెసిస్. ఇంకో చోట స్టువర్ట్ హాల్ అనే సంస్కృతి అధ్యయనకారుడి ఆలోచనలు, సంస్కృతి, అధికారం. రెండూ మంచివే కానీ మీ ప్రశ్నని ఒక చోట ప్రశ్నగానే ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి డిపార్ట్‌మెంట్ పేరు చూసి చేరకండి. గైడ్ ఈమధ్య రాసిన పేపర్లు రెండు మూడు చదివి, ఇలాంటి పని నేను నాలుగైదేళ్ళు చేయగలనా అనుకోండి. వాళ్ళ దగ్గర ఇప్పుడు చేస్తున్న విద్యార్థులతో మాట్లాడండి, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకి కామెంట్లతో తిరిగొస్తుందో అడగండి. పేపర్లలో విద్యార్థి పేరు ముందుంటోందా వెనకుంటోందా చూడండి. పెద్ద పేరున్న గైడ్ కంటే డ్రాఫ్ట్ చదివే గైడ్ మేలు.

అక్షరబాట:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫామ్ పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఇలా రాసుకున్నాను: "దీర్ఘకాలిక జబ్బుకి మందులు వాడుతున్న పెద్దవాళ్ళు వాట్సాప్‌లో వచ్చిన ఆరోగ్య సందేశాల్లో వేటిని నమ్మి ఫార్వర్డ్ చేస్తారు, ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారు?" పద్ధతి గోడమీదవార్త గారు చెప్పినట్టు ఇంటర్వ్యూలు. మేడంకి ఇవ్వొచ్చా?

గోడమీదవార్త:

చాలా బాగుంది, ఒక్క చోట మార్చండి. "నమ్మి ఫార్వర్డ్" అని రెంటినీ ముడేస్తున్నారు. నమ్మకుండానే పంపేవాళ్ళు ఉంటారు, ఎందుకైనా మంచిదని. నమ్మి కూడా ఎవరికీ పంపకుండా తాము మాత్రం మాత్రలు ఆపేసేవాళ్ళూ ఉంటారు, మీరు వెతుకుతున్నది వాళ్ళనే. నమ్మడం, పంపడం, ఆచరించడం మూడూ విడదీసి రాసి ఇవ్వండి. ఇంటర్వ్యూ ప్రశ్నలు తయారయ్యాక ముందు ఇద్దరితో ప్రయత్నించి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.

రెండోచూపు:

ఇంటర్వ్యూల్లో వాళ్ళు చదివి వినిపించిన సందేశాల్ని, పేర్లు లేకుండా, వేరే ఫైల్‌లో రాసుకోండి. చిన్న కోడ్‌బుక్‌కి అవి సరిపోతాయి, రెండో కోడర్ దొరక్కపోతే నాకు రాయండి.