వేరియబుల్ డబ్బానా, పేరా? మొదటి రోజు పిల్లలకి ఏం చెప్పాలి?

లెక్చరర్:
డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకి పైథాన్ ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. "వేరియబుల్ అంటే డబ్బా, అందులో విలువ వేస్తాం" అని మొదలుపెట్టాను. మూడు వారాలు సాఫీగా సాగింది. మొన్న లిస్టుల (వరుసగా పెట్టిన విలువల) దగ్గర ఒకమ్మాయి ఇలా రాసింది (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు):

మార్కులు = [40, 55, 62]
పాతవి = మార్కులు
మార్కులు[0] = 95

[0] అంటే లిస్టులో మొదటి విలువ. చూస్తే పాతవిలోనూ 95 ఉంది. "మేడమ్, నేను దాచుకున్నవి ఎవరు మార్చారు?" అంది. డబ్బా కథతో జవాబు చెప్పలేకపోయాను. మొదటి రోజే వేరియబుల్ అంటే పేరు అని చెప్పి ఉండాల్సిందా?

పైథాన్ డెవలపర్:
కచ్చితంగా చెప్పాల్సింది మేడమ్. డబ్బా కథ సీ భాషకి నప్పుతుంది. అక్కడ వేరియబుల్‌కి మెమరీలో చోటు కేటాయిస్తారు, విలువ అందులోకి వెళ్తుంది. పైథాన్‌లో విలువ విడిగా ఉంటుంది, ఈక్వల్ గుర్తు దానికి పేరు తగిలిస్తుంది. ఇంట్లో చిన్నోడు, బడిలో వెంకటేశ్వర్లు, ఇద్దరూ ఒక్కడే. ఆదివారం తిరుమలలో చిన్నోడికి గుండు చేయిస్తే, సోమవారం వెంకటేశ్వర్లు గుండుతోనే బడికి వెళ్తాడు. ఆ అమ్మాయి మార్కులు దాచుకోలేదు, ఉన్న లిస్టుకే ఇంకో పేరు పెట్టింది.

సీనియర్ మాస్టారు:
నేను ఒప్పుకోను. మొదటి రోజు పిల్లల టెన్షన్ వేరు. అ = అ + 1 చూడగానే "లెక్కల్లో ఇది తప్పు కదా సార్" అంటారు. ముందు కుడివైపు లెక్క కడుతుందని, ఆ తర్వాతే ఎడమవైపుకి వస్తుందని తలకెక్కాలి. దానికి డబ్బా చాలు. అంకెలతో, స్ట్రింగులతో (అంటే అక్షరాల వరుసలతో) పని చేసినంత కాలం ఏ కథ చెప్పినా వచ్చే జవాబు ఒకటే. లిస్టుల చిక్కు లిస్టులొచ్చినప్పుడు చూసుకోవచ్చు.

పైథాన్ డెవలపర్:
సార్, అది పేర్లతోనూ చెప్పొచ్చు. 1 కలిపితే కొత్త సంఖ్య వచ్చింది, అ అనే పేరు దాని మీదికి మారింది. అసలు అంకెల దగ్గరే డబ్బా దెబ్బతింటుంది. ఆ = అ అన్నాక కొందరు అ ఖాళీ అయిపోయిందనుకుంటారు. కందిపప్పు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి ఒంపితే మొదటిది ఖాళీయే కదా! పిల్లలు సరిగ్గానే ఆలోచించారు, మనం చెప్పిన పోలికే తప్పుదారి పట్టించింది. లిస్టుల గందరగోళం ఎంత మామూలంటే, పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో తరచూ అడిగే ప్రశ్నల మధ్య అదీ ఉంది.

సీనియర్ మాస్టారు:
పప్పు సంగతి నిజమే, నా క్లాసులోనూ ఆ ప్రశ్న వచ్చింది. కానీ పేరు వేరు, వస్తువు వేరు అని నోటితో చెబితే అరవై మందిలో ఎందరికి అందుతుంది? బొమ్మ గీయకుండా ఆ మాట ఎత్తకూడదు.

లెక్చరర్:
ఇవాళ బొమ్మే గీశాను సార్. బోర్డు మీద లిస్టు ఒక్కసారే గీసి, రెండు పేర్ల నుంచీ దానికి బాణాలు వేశాను. లిస్టు పేరు పక్కన [:] అని రాస్తే అవే విలువలతో కొత్త లిస్టు తయారవుతుందని వేరే ఉదాహరణతో చూపించాను. ఆ అమ్మాయి లేచొచ్చి రెండో వరుసని పాతవి = మార్కులు[:] అని మార్చింది. పక్కనే ఇంకో లిస్టు గీసి, పాతవి బాణాన్ని తుడిచి దాని మీదికి తిప్పింది. వెనక బెంచీ నుంచి "లిస్టులో లిస్టు ఉంటే మేడమ్?" అన్నారు. అప్పుడు లోపలి లిస్టు కొత్తది కాదు, రెండింటికీ అదే. రేపు ఆ బొమ్మ గీయాలి.