అమ్మాయికి టెన్నిస్, అబ్బాయికి క్రికెట్: ఏ దేశం తరఫున ఆడగలరు?

అందరికీ నమస్కారం. మా ఆవిడకు వాళ్ల అన్నయ్య పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డులు వచ్చి, ఈ మధ్యనే గుంటూరు నుంచి డాలస్ చేరుకున్నాం. అమ్మాయికి ఇప్పుడే పదమూడు నిండాయి, టెన్నిస్ బాగా ఆడుతుంది. నేను లోగడ ప్రాజెక్టు మీద ఇక్కడ ఉన్నప్పుడు పుట్టిన అబ్బాయికి అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత్ ఇచ్చేది) ఉన్నాయి. వాడికి క్రికెట్ పిచ్చి. ఇద్దరికీ రెండు దేశాలతో సంబంధం ఉంది కాబట్టి, రేపు ఆట కలిసివస్తే దేని తరఫునైనా ఆడే వీలుంటుందా? ఇప్పటి నుంచే ఏమైనా జాగ్రత్తలు తీసుకోవాలా? తెలిసినవారు చెప్పగలరు.

---

నమస్కారమండీ. డాలస్‌కు స్వాగతం. ఇలాంటి ప్రశ్న సాధారణంగా పిల్లలు జాతీయ స్థాయికి చేరాక, కాగితాలన్నీ పూర్తయిపోయాక వస్తుంది. మీరు ముందే అడగడం మంచిదైంది.

ఇంగ్లండ్, జర్మనీ, ఘనా వంటి దేశాల క్రీడాకారుల గురించి మనం చదివే రెండు పాస్‌పోర్టుల కథలు మన పిల్లలకు వర్తించవు, ఎందుకంటే భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. ఓసీఐ కార్డుతో ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ ఓటు ఉండదు, భారత జట్టులో చోటూ ఉండదు. ఒకప్పుడు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉండేది. టెన్నిస్ క్రీడాకారుడు విజయ్ అమృత్‌రాజ్ కుమారుడు ప్రకాశ్ అమృత్‌రాజ్ అమెరికా పౌరుడై ఉండి కూడా 2003లో భారత డేవిస్ కప్ (పురుషుల టెన్నిస్ జట్టు పోటీ) జట్టులోకి వచ్చి, తరువాత కొన్నేళ్లు ఆడాడు. భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ప్రాతినిధ్యం వహించాలని 2008 డిసెంబరులో కేంద్ర క్రీడా శాఖ నిర్ణయించడంతో ఆయనకూ, ఆయనలాంటి మరికొందరికీ ఆ తలుపు మూసుకుపోయింది. ఈ నియమాన్ని సడలిస్తారన్న వార్తలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. వాటిని నమ్ముకుని పిల్లల పౌరసత్వ నిర్ణయాలు చేయవద్దని నా సలహా.

ఇక మీ అమ్మాయి సంగతి. ఆమె దగ్గర ప్రస్తుతం ఉన్నది భారత పాస్‌పోర్టు ఒక్కటే, కాబట్టి ఈ రోజుకు ఆమె ఆడగలిగినది భారత్ తరఫునే. అసలు చిక్కు ఐదేళ్ల తరువాత వస్తుంది. గ్రీన్ కార్డు మీద ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే మీ దంపతులు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అప్పటికి అమ్మాయి పద్దెనిమిదికి అటూ ఇటూగా ఉంటుంది. ఆమెకు 18 నిండకముందే మీ ఇద్దరిలో ఏ ఒక్కరు పౌరసత్వ ప్రమాణం చేసినా, గ్రీన్ కార్డుతో మీ దగ్గరే పెరుగుతున్న ఆమెకు అమెరికా చట్టం ప్రకారం పౌరసత్వం దానంతటదే వచ్చేస్తుంది. ఆమె వేరుగా దరఖాస్తు పెట్టనక్కరలేదు, ఆమెను ఎవరూ అడగరు కూడా. అదే 18 దాటితే, తన దరఖాస్తు తానే పెట్టుకుని, తన ప్రమాణం తానే చేయాలి. అంటే మీ ప్రమాణం నాలుగు నెలలు ముందు జరిగిందా, వెనుక జరిగిందా అన్నదాన్ని బట్టి ఏ దేశపు జెర్సీ వేసుకోవాలన్న నిర్ణయం ఆమె చేతిలో ఉండడమో, మీ చేతి మీదుగా జరిగిపోవడమో తేలుతుంది. అప్పటికి ఆమె ఆట నిజంగా ఆ స్థాయిలో ఉంటే, దరఖాస్తు పెట్టేముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి, ఒక ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా కలవండి.

టెన్నిస్‌లో ఒక సౌలభ్యం ఉంది. టోర్నమెంట్లు వ్యక్తిగతంగా ఆడేవే కనుక పేరు పక్కన కనిపించే జెండా మారినంత మాత్రాన ఆట ఆగిపోదు. మాస్కోలో పుట్టిన ఎలెనా రిబాకినా 2018లో కజకిస్తాన్‌కు మారింది. 2022లో రష్యా క్రీడాకారులను వింబుల్డన్‌కు రానివ్వకపోయినా, ఆమె కజకిస్తాన్ తరఫున ఆడి టైటిల్ గెలిచింది. కానీ మహిళల బిల్లీ జీన్ కింగ్ కప్ వంటి జట్టు పోటీలు వేరు. వాటికి ఆ దేశపు పాస్‌పోర్టు తప్పనిసరి, అక్కడ ఒకసారి ఒక దేశానికి ఆడాక ఇంకో దేశానికి మారడం అంత తేలిక కాదు.

అబ్బాయి విషయం పైకి సులువుగా కనిపిస్తుంది: అమెరికా తరఫున ఆడవచ్చు, భారత్ తరఫున ఆడలేడు. వాడు పెద్దయ్యాక భారత్‌కే ఆడాలని పట్టుబడితే దారి లేకపోలేదు గానీ, అది పొడుగాటి దారి. ఓసీఐ కార్డు తీసుకుని ఐదేళ్లు గడిచి ఉండాలి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారత్‌లో నివసించాలి, అమెరికా పౌరసత్వాన్ని వదులుకోవాలి. గుజరాతీ తండ్రికీ జపాన్ తల్లికీ పుట్టిన ఫుట్‌బాలర్ ఇజుమి అరాతా ఇలాగే 2012లో జపాన్ పౌరసత్వం వదిలేసి, మరుసటి ఏడాది భారత జట్టులో ఆడాడు. ఆట మీద అంత మమకారం ఉన్నవాళ్లు అరుదు. నలభై ఏళ్ల జీవితానికి సంబంధించిన పాస్‌పోర్టును పదేళ్ల క్రీడా జీవితం కోసం మార్చుకోమని నేను మాత్రం ఎవరికీ చెప్పను.

క్రికెట్‌కు మరో విశేషం ఉంది. ఐసీసీ నిబంధనల ప్రకారం పుట్టుక గానీ, పాస్‌పోర్టు గానీ, మూడేళ్ల నివాసం గానీ ఉంటే ఆ దేశానికి ఆడవచ్చు. విజయవాడలో పుట్టి, న్యూజిలాండ్‌లో పెరిగిన తేజ నిడమనూరు ఉద్యోగం కోసం నెదర్లాండ్స్ వెళ్లి, ఆ దేశం తరఫున 2023 ప్రపంచకప్ ఆడాడు. ఉప్పల్ స్టేడియంలో నారింజ రంగు జెర్సీలో, తాను పెరిగిన న్యూజిలాండ్ మీదే బ్యాటింగ్‌కు దిగాడు. ముంబైలో పుట్టి 2010లో భారత అండర్-19 జట్టుకు ఆడిన సౌరభ్ నేత్రావల్కర్, 2024లో మన డాలస్ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా బౌలరుగా పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేశాడు. అయితే ఒలింపిక్స్‌కు ఈ నివాసపు లెక్క చెల్లదు. అక్కడ ఆడేవాళ్లంతా ఆ దేశపు పౌరులై ఉండాలి కనుక, 2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ తిరిగి వచ్చినప్పుడు అమెరికా జట్టులో పౌరసత్వం లేనివారికి చోటుండదు. ఈ లెక్కన మీ అబ్బాయి చేతిలో ఉన్న పాస్‌పోర్టు చిన్నదేమీ కాదు.

అక్కాతమ్ముళ్లు చెరో దేశానికి ఆడినా అందులో వింతేమీ లేదు. ఒకే తండ్రి పిల్లలైన జెరోమ్ బోటెంగ్ జర్మనీకి, కెవిన్-ప్రిన్స్ బోటెంగ్ ఘనాకు ఆడి 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఎదురెదురుగా నిలబడ్డారు.

---

పై మిత్రులు చెప్పినదానికి ఒకటి రెండు మాటలు కలుపుతున్నాను. స్కూలు, క్లబ్బు, స్థానిక టోర్నీలలో ఆడినంత మాత్రాన పిల్లలు ఏ దేశానికీ కట్టుబడిపోరు కాబట్టి, కోచ్ పౌరసత్వం అడిగాడని కంగారు పడకండి. అలాగే అమెరికా కాలేజీ టెన్నిస్‌లో విదేశీ పాస్‌పోర్టులతో ఆడేవారు బోలెడంతమంది ఉన్నారు. మన పిల్లల్లో ఎక్కువమందికి అందుబాటులో ఉండే మెట్టు అదే.

జాగ్రత్త పడవలసినది తొలి అంతర్జాతీయ పోటీ దగ్గర. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ టోర్నీలకు ఐపిన్ అనే ఆటగాళ్ల గుర్తింపు నంబరు కోసం నమోదు చేసుకునేటప్పుడు జాతీయత రాయాలి; అక్కడ పాస్‌పోర్టులో ఉన్నదే రాయండి, భవిష్యత్తులో రాబోయేదాన్ని ఊహించి రాయకండి. రెండు పౌరసత్వాలున్నవారికైనా, ఒకదాన్ని వదిలి మరొకటి తీసుకున్నవారికైనా, ప్రపంచ లేదా ప్రాంతీయ చాంపియన్‌షిప్‌లలో ఒక దేశానికి ఆడిన తరువాత ఒలింపిక్స్‌లో ఇంకో దేశానికి ఆడాలంటే మామూలుగా మూడేళ్లు ఆగాలి. ఆ గడువును తగ్గించే అధికారం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి ఉంది గానీ, దానికి సంబంధిత దేశాల కమిటీలూ ఆ ఆట సమాఖ్యా ఒప్పుకోవాలి.

అందుచేత మొదటిసారి ఏదైనా జాతీయ జట్టు నుంచి పిలుపు వస్తే, ఒప్పుకునేముందు ఆ ఆట సమాఖ్యకు మెయిల్ రాసి, ఈ పోటీలో ఆడితే తరువాత దేశం మారే హక్కు మీద ప్రభావం ఉంటుందా అని అడిగి, జవాబును రాతపూర్వకంగా తెప్పించుకోండి. క్రికెట్ మీద అమ్మాయికి కూడా ఆసక్తి ఉంటే చెప్పండి. 2023లో జరిగిన తొలి మహిళల అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా జట్టుకు గీతిక కొడాలి కెప్టెన్. మన ప్రాంతంలో అమ్మాయిలకు శిక్షణ ఇచ్చే అకాడమీల వివరాలు కావాలంటే ఇక్కడే విడిగా అడగండి, పంపిస్తాను.